నేరుగా ఈదిన మా హనుమంతన్న

నిన్న పొద్దున టీ తాగుతుంటే ఎమ్మిగనూరు నుంచి ఫోన్. హనుమంతన్న కూతురు.

"చిన్నాయనా, మా నాయన పోయినాడు."

"ఏ హనుమంతు?" అని అడిగాను.

నాకున్న హనుమంతు ఒక్కడే. అయినా అడిగాను.

గ్లాసు కింద పెట్టాను. మళ్ళీ ఎత్తలేదు.

నేను చదివింది రెండో తరగతి. నోటితో చెప్తుంటే ఈ ఫోనే రాసుకుంటోంది. తప్పులుంటే మీరే సర్దుకోండి. మా అన్న గురించి ఇంకెవరో రాస్తే నాకు నచ్చదు. నేనే చెప్తా.

అన్న ఎమ్మిగనూరులో మగ్గం నేసేవాడు. నేను ఆదోని మిల్లులో దూది బేళ్ళు మోసేవాణ్ణి. సొంత అన్న కాదు, మా అక్కను వాళ్ళ పక్కింటికే ఇచ్చారు. ఏటా మిల్లు మూసే ఎండాకాలమంతా నా మకాం అక్కడే.

యాభైల నాటి సంగతి. తుంగభద్ర కాలువ కొత్తగా వచ్చింది. అందులో ఈత పందెం పెట్టారు. నాకు ఎదురు లేదనుకున్నా.

విజిల్ పడగానే అన్న నన్ను దాటేశాడు. అందనంత ముందుకు పోయాడు.

సగం దూరంలో ఎడమకు తిరిగి, పోయి పోయి గట్టుకు గుద్దుకున్నాడు!

ఆయన ఈత నేర్చింది గుండ్రటి బావిలో. చిన్నప్పటి నుంచి చుట్టూ తిరగడమే అలవాటు. నేను నేర్చింది కొండ కింద రాళ్ళు కొట్టిన పొడుగాటి గుంతలో. నేను నేరుగా పోయి గెలిచాను.

జనం ఒకటే నవ్వు. "గానుగెద్దు వచ్చినాదప్పా! నూనె యాడ?"

ఆ పేరు అంటుకుంది. మగ్గం దగ్గరికొచ్చి మరీ పిలిచేవాళ్ళు.

నాకూ ఆ ఫస్ట్ నచ్చలేదు. తనంతట తాను గట్టుకు గుద్దుకున్నవాణ్ణి ఓడిస్తే నాకేం గొప్ప?

మళ్ళీ పందెం వానాకాలంలో, కాలువకు నీళ్ళు వదిలాక. గెలిచినవాడు కర్నూలులో జిల్లా పోటీకి పోతాడు. ఒక్కడే.

ఈలోపు మండే ఎండలు వచ్చాయి. కాలువ ఎండిపోయింది. బావిలో మోకాలి లోతు నీళ్ళు. ప్రాక్టీస్ ఎక్కడ చెయ్యాలి?

"నీళ్ళెందుకులే?" అన్నాడు అన్న. "ఈత ఒంట్లో ఉండాది. వంకర తలకాయలో ఉండాది. దాన్ని ఇప్పుడే తీసెయ్యాల."

రోజూ తెల్లారేసరికి ఎండిన కాలువలోకి దిగేవాళ్ళం. ఆయన కళ్ళు మూసుకుని, ఈదుతున్నట్టు చేతులాడిస్తూ నడిచేవాడు. వెనక నేను. ఎడమకు తిరిగితే "గట్టు!" అని అరిచేవాణ్ణి.

ఆగి, మళ్ళీ మొదటికి పోయేవాడు. ఆగిన చోటి నుంచి ఎప్పుడూ మొదలుపెట్టలేదు.

మగ్గం మీద కూర్చున్నా మనసులో అదే ఈత. పిలిస్తే పలికేవాడు కాదు. వదిన తిట్టేది.

వానలు పడేనాటికి నాకు అరిచే పనే లేకుండా పోయింది.

పందెం రోజు మేమంతా నీళ్ళు చల్లుకుంటూ, ఒకటే కేకలు. ఆయన గట్టు మీద కళ్ళు మూసుకుని కూర్చున్నాడు.

"ఏమప్పా గానుగెద్దూ, నిద్రపోతాండావా?" అన్నాడు ఒకడు.

అన్న కళ్ళు తెరవలేదు.

"ఈదుతాండా. మాట్లాడించొద్దు."

విజిల్ పడింది. మగ్గంలో దారం మోసే నాడె ఈ కొస నుంచి ఆ కొసకు పోయినట్టు నేరుగా పోయాడు. నేను సెకండ్.

ఆదోనిలో నన్ను ఓడించేవాడు పుట్టలేదు. ఎమ్మిగనూరులో ఒక్కడు పుట్టాడు. చెప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు.

కర్నూలులో మాత్రం ఓడిపోయాడు. అక్కడికొచ్చినవాళ్ళు ఇంకా గట్టివాళ్ళు. తిరిగొచ్చి బస్సు దిగేసరికి నవ్వుదామని జనం కాచుకుని ఉన్నారు.

ఎవరూ నోరు తెరవకముందే ఆయనే గట్టిగా అన్నాడు.

"ఓడినా. నేరుగా ఈది ఓడినా. ఎవురన్నా ఏమన్నా అనేదుంటే ఇప్పుడే అనండి."

నవ్వుదామని వచ్చినవాళ్ళే పక్కకు జరిగి దారిచ్చారు.

ఆ రోజుతో ఆ పేరు పోయింది. హనుమంతు అనే పిలిచారు, నిన్నటిదాకా.

అన్నా, ఇప్పుడు కూడా నాకంటే ముందే పోయావు. పోనీలే.

చల్లగా, ప్రశాంతంగా ఉండన్నా.