ముందుగది మీద అభ్యంతరాలు

ఆదివారం ఉదయం ఆరూ ఇరవైకి మా అత్తగారు పాలు తీయడానికి ఫ్రిజ్ దగ్గరకు వెళ్ళి, తలుపు తెరవకుండా నిలబడిపోయారు. తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంది. ఆమెకు తెలుగు మాట్లాడడమే గాని చదవడం రాదు. చదువుకున్నదంతా తమిళం. కాగితం కూడా తమిళంలోనే ఉంది కాబట్టి ఆఖరు దాకా చదివి అక్కడి నుంచే కేకేశారు.

"రేయ్ అబ్బాయా! ఇదేందిరా, ఇల్లు అమ్మకానికి పెట్టినావా?"

"అమ్మకం కాదమ్మా" అని మా ఆయన హాల్లోంచే బదులిచ్చారు. "ముందుగదిని పరిశ్రమల జోన్‌లో నుంచి నివాస జోన్‌లోకి మార్చాలని ప్రతిపాదన. నీకు అభ్యంతరం ఉంటే మూడు వారాల్లోపల రాసియ్యి."

"ఎవురికియ్యాల?"

"నాకే."

"ఈ కాగితం అంటించింది ఎవురు?"

"నేనే."

"సరి పో" అని ఆమె పాలు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయారు.

మా ఆయన ప్లానింగ్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి అప్పటికి ఏడాది కిందటే రిటైరయ్యారు. నగరం మ్యాపులు గీయడం, వాటికి రంగులు వేయడం ఆయన ఉద్యోగం. ఇళ్ళకు పసుపు, దుకాణాలకు నీలం, ఫ్యాక్టరీలకు ఊదా, బళ్ళకూ ఆస్పత్రులకూ ఎరుపు, పొలాలకు ఆకుపచ్చ. మొదట్లో కుంచెతో వేసేవారు. తర్వాత కంప్యూటర్ వచ్చింది. కంప్యూటర్ పసుపులో పసుపుదనం లేదని ఆయన ఫిర్యాదు. టి. నగర్‌కు చీరలకు తీసుకెళ్తే నేను చీర రంగు చూస్తుండేదాన్ని, ఆయన వీధి రంగు ఆలోచిస్తుండేవారు. రెండింటికీ సమానంగా ఆలస్యమయ్యేది.

రంగు మారడం ఎలాగో పెళ్ళయిన కొత్తలోనే నాకు చెప్పారు. కొత్త పెళ్ళాంతో మాట్లాడడానికి ఆయనకు అంతకంటే మంచి విషయం తట్టలేదు. నగరం అంచున ఎవరికో మూతపడిన ఫ్యాక్టరీ స్థలం ఉంటుంది. మ్యాపులో అది ఊదా. అక్కడ అపార్ట్‌మెంట్లు కట్టాలంటే ముందు ఆ సర్వే నంబరు పసుపు కావాలి. సొంతదారు దరఖాస్తు పెడతాడు. ఆఫీసువాళ్ళు వెళ్ళి రోడ్డు వెడల్పు ఎంత, నీళ్ళు ఎటు పారుతున్నాయి, పక్కన ఏముంది అని చూస్తారు. పేపర్లో ప్రకటన వేస్తారు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే గడువులోగా చెప్పాలి. కమిటీ కూర్చుని విని, తగునా తగదా అని తేలుస్తుంది. తగును అనుకుంటే ప్రభుత్వ గెజిట్‌లో వేస్తారు. అప్పుడు మ్యాపులో ఆ ముక్కకు పసుపు పూస్తారు.

"ఆ ప్రకటన ఎవరైనా చదువుతారా?" అని అడిగాను.

"నేను చదువుతాను" అన్నారు.

ఇక మా ముందుగది సంగతి. చింతాద్రిపేటలో మా ఇల్లు రైలు పెట్టె మాదిరి పొడుగు. వీధివైపు ముందుగది, దాని వెనక హాలు, ఒక పడకగది, వంటిల్లు, చివర కుళాయి ఉన్న పెరడు. ముందుగదిలో మా అత్తగారి పెద్ద గ్రైండరు. వీధిలో సగం ఇళ్ళవాళ్ళు నానబెట్టిన బియ్యం, మినప్పప్పు గిన్నెల్లో తెచ్చి దోసెలకు రుబ్బించుకుని పోయేవాళ్ళు. పిండిని ఆమె తమిళంలో మావు అనే అనేవారు. మావు తయారయ్యేలోగా వీధి సమాచారం అంతా ఆ గదిలో తయారయ్యేది.

మా ఆడపడుచు, అంటే మా ఆయన చెల్లెలు, పెరంబూరు రైల్వే వర్క్‌షాపు ఆఫీసులో గుమాస్తా. పెళ్ళి చేసుకోలేదు. క్వార్టర్సులో ఒక్కతే ఉండేది. ఆమె రిటైరయ్యే రోజు దగ్గరపడింది. రిటైరైతే క్వార్టర్సు ఖాళీ చేయాలి. పుట్టింటికి వస్తానని ఆమె అడగలేదు. రమ్మని అత్తగారూ అనలేదు. వస్తే ఉండడానికి ఉన్నది ముందుగది ఒక్కటే. అందులో గ్రైండరు ఉంది. దాన్ని పెరట్లోకి జరపాలని మా ఆయన ఆలోచన.

మా ఇంటివాళ్ళ స్వభావం ఒకటుంది. ఎవరూ దేనికీ వద్దనరు. సరే అంటారు. ఆ తర్వాత ఆరు నెలల పాటు గిన్నెలు గట్టిగా పెడతారు. నేనూ కోడలిగా వచ్చిన కొద్దికాలంలోనే ఆ పద్ధతి నేర్చుకున్నాను. మా ఆయనకు ఇది నచ్చేది కాదు. ఆఫీసే నయం, అక్కడ కనీసం అభ్యంతరం ఉందా అని అడుగుతారు అనేవారు. ఆ మాటే చివరికి ఫ్రిజ్ తలుపెక్కింది.

రెండు వారాలు ఎవరూ ఏమీ ఇవ్వలేదు. నోటీసు చుట్టూ పాల మరకలు పడ్డాయి. మూడో వారంలో వెనక సందులో ఇడ్లీలమ్మే ఆవిడ బియ్యం గిన్నెతో వచ్చి, గ్రైండరు ఎక్కడికో పోతోందట గదా, నా ఇడ్లీల సంగతేమిటి అని తమిళంలో నిలదీసింది. ఆయన ఆనందం చూడాలి. ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి, చెప్పినదంతా రాసుకుని, వేలిముద్రా సంతకమా అని అడిగారు. ఆవిడ పిండి అంటిన చేత్తోనే సంతకం పెట్టింది. కాగితం అతుక్కుపోయింది.

అత్తగారికి పోటీ వచ్చిందనిపించిందో ఏమో, మర్నాడు ఆమె కూడా అభ్యంతరం చెప్పారు. నేను రాశాను.

"రాసుకో అమ్మాయ్. ఒకటి, నా కూతురు గురకబెడతాది. రెండు, దానికి ఉదయం సత్తం పడదు."

"సత్తం అంటే చప్పుడని రాయనా, అత్తా?"

"ఏదో ఒకటి రాయి. మూడు..." ఆమె గ్రైండరు వైపు చూశారు. "గ్రైండరు పెరట్లో పెడితే ఆడికి ఎవురు వస్తారు? మన పడకగది దాటుకొని, వంటిల్లు దాటుకొని ఎవురూ రారు. ఈడ కూసుంటే నాకు నాలుగు మొహాలు కనబడతాయి. ఆడ గోడ కనబడతాది."

ఇంట్లో ఇన్నేళ్ళున్నాను, ఆమె నోట తనకోసం ఒక మాట రావడం అదే మొదలు. నేను రాసి చదివి వినిపించాను. మూడోది కొట్టేయమన్నారు. కొట్టేయలేదు.

ఆ ఆదివారం మా ఆయన స్థల పరిశీలన పెట్టారు. ఆఫీసుకు వేసుకునే చొక్కా తొడుక్కుని, టేపు పట్టుకుని, వీధిలోకి వెళ్ళి మా తలుపే తట్టారు. అత్తగారు తీశారు.

"ఎవురు కావాల?"

"తనిఖీకి వచ్చాం."

"రండి సార్. కాఫీ తాగతారా?" అని తెచ్చిన గ్లాసు మళ్ళీ వెనక్కి తీసుకున్నారు. "వద్దులే. ఆఫీసరుకు కాఫీ ఇస్తే లంచమంటారు."

కాఫీ లేకుండా గది కొలవడం ఆయనకు అదే మొదటిసారి అనుకుంటాను. రెండు సార్లు తప్పు కొలిచారు.

విచారణకు మా ఆడపడుచును పెరంబూరు నుంచి పిలిపించారు. దరఖాస్తు పెట్టినవాడే తీర్పు చెప్పకూడదని ఆయన నియమం. అందుకని నన్ను కమిటీగా వేశారు.

"నువ్వు పుస్తకాలు చదువుతావు. ఎవరి పక్షమూ కాదు."

"నేను కోడల్ని. అందరి పక్షమూ నేనే" అన్నాను.

హాల్లో అందరం కూర్చున్నాం. ఇడ్లీలావిడ అభ్యంతరం చదివాను. తర్వాత అత్తగారిది చదివాను. గురక దగ్గర మా ఆడపడుచు నవ్వింది. "నువ్వు మాత్రం, అమ్మా? నీ గురకకి పెరంబూరులో ఇంజన్లు ఆగిపోతాయి" అంది. మూడోది చదివేసరికి నవ్వు పోయింది. చేతిసంచీ సర్దుకుంది.

"సరే అన్నా. నేను ఆడనే ఏదన్నా హాస్టల్ చూసుకుంటాలే. అమ్మకు ఇబ్బంది ఎందుకు?"

మా ఇంట్లో సరే అన్న మాటకు అర్థం అందరికీ తెలుసు. అత్తగారు లేచి నిలబడ్డారు.

"ఏమే! అభ్యంతరం చెప్పమంటే చెప్పినా. నిన్ను రావద్దన్నానా? చెప్పనీకుండా అందరూ సరే సరే అంటానే ఉంటే మనిషికి ఏముందో ఎట్లా తెలిసేది? కూసో!"

ఆమె కూర్చుంది. మా ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"మరి నాకూ ఒక అభ్యంతరం ఉంది" అంది మా ఆడపడుచు చివరికి. "అమ్మను పెరట్లో కూర్చోబెట్టి ఆ గదిలో నేను పడుకోను. రాసుకో వదినా."

అంటే ఆ గది పూర్తిగా పసుపు కావడం ఆ గదిలో ఉండబోయే మనిషికే ఇష్టం లేదు. ఇలాంటి కేసు తన సర్వీసులో చూడలేదని మా ఆయన అన్నారు. తీర్పు నేనే చెప్పాను. ముందుగది మిశ్రమ నివాసం. మ్యాపులో అట్లాంటి రంగు కూడా ఒకటుంది. ఇళ్ళూ చిన్న చిన్న వ్యాపారాలూ కలిసి ఉండే చోటికి అది. గ్రైండరు వీధి తలుపు పక్కనే ఉంటుంది, కానీ రాత్రి తొమ్మిది దాటితే తిరగకూడదు. గోడవైపు మంచం. పిండికి వచ్చినవాళ్ళు మంచం మీద కూర్చోకూడదు. ఈ ఆఖరి షరతు మొదటిరోజే పోయింది. ఇడ్లీలావిడ నేరుగా వచ్చి మంచం మీదే కూర్చుంది.

ఆయన ఇంటి ప్లాను గీసి, పాత కుంచెలు వెతికి, ముందుగదికి నారింజ రంగు వేసి ఫ్రిజ్ మీద పెట్టారు. అదే మా గెజిట్.

తర్వాతి నెల పెరంబూరు నుంచి సామాను ఆటో దిగింది. మా ఆడపడుచు టేకు మంచం తలుపులో ఇరుక్కుంది. గ్రైండరు అడ్డం. ఇటు తిప్పినా రాదు, అటు తిప్పినా రాదు. సగం మంచం వీధిలో, సగం ఇంట్లో. ఆటోవాడు హారన్ కొడుతున్నాడు.

"రంగు మార్చినాం గదా అన్నా, ఇప్పుడేంది?" అంది ఆమె మంచం అవతలి నుంచి.

"జోన్ మారితే కట్టుకోవచ్చని కాదు" అని మా ఆయన తీరిగ్గా చెప్పసాగారు. "అందరూ చేసే పొరపాటే ఇది. ముందు భూవినియోగం మారాలి. ఆ తర్వాత కట్టడానికి ప్లాను విడిగా పెట్టి, అనుమతి విడిగా తీసుకోవాలి. దానికి మళ్ళీ..."

"నీ అనుమతి తీసుకుపోయి కూవం మురుగులో వెయ్యిరా" అన్నారు అత్తగారు. "ముందు ఆ మంచం కోడు విప్పు."

కోళ్ళు విప్పి లోపలికి తెచ్చి మళ్ళీ బిగించాం. ఒక కోడు ఎప్పటికీ సరిగ్గా కూర్చోలేదు.

ఆ గదిలో తల్లీకూతుళ్ళు నాలుగేళ్ళు బాగానే గొడవపడ్డారు. అప్పుడప్పుడు ఫ్రిజ్ మీద కొత్త నోటీసు కనిపించేది. టీవీ చోటు మార్చడం గురించి ఒకటి, నా పుస్తకాల బీరువా గురించి ఒకటి. బీరువా మీద మూడు అభ్యంతరాలు వచ్చాయి. మూడూ న్యాయమైనవే. బీరువా కదల్లేదు.

అత్తగారు మంచం పట్టినప్పుడు కూతురు తన మంచం ఆమెకిచ్చి తను నేల మీద పడుకుంది. వచ్చేపోయే వాళ్ళు ఆమెకు కనిపించేవారు. ఆమె పోయాక గ్రైండరు కొన్నాళ్ళు మా ఆడపడుచు నడిపింది. మెల్లగా గిన్నెలు తగ్గాయి. మూలమీద కొట్లో పిండి పాకెట్లు వచ్చేశాయి. ఇడ్లీలావిడ కూడా ఒకరోజు మొహమాటంగా, పాకెట్టు పిండి బాగానే ఉందని చెప్పి వెళ్ళింది.

పోయిన వర్షాకాలంలో మా ఆయన పోయారు. హాల్లో పేపరు చదువుతూ ఉన్నారు. అంతకంటే ఎక్కువ రాయడం నాకు చేతకాదు.

ఇప్పుడు ఇంట్లో మేమిద్దరమే. గదులు ఎక్కువ, మనుషులు తక్కువ. మొన్న నేను బ్యాంకు నుంచి వచ్చేసరికి ముందుగదిలో తలుపు పక్క ఖాళీగా ఉంది. ఆడపడుచు మనిషిని పెట్టి గ్రైండరును పెరట్లోకి జరిపించింది. ఎవరూ రుబ్బించుకోవడం లేదు గదా వదినా, ఊరికే అడ్డం అంది. ఆమె మాట నిజమే. అయినా అది అక్కడే ఉండాలని నాకుంది.

సరే అన్నాను.

మా ఇంట్లో ఇప్పుడు అభ్యంతరాలు అడగడం లేదు.