మూడో ఫ్లాపీ

చేతులు వణికే మనిషికి మౌస్ పట్టడం నేర్పించి చూడండి, మీ ఓర్పు ఎంతో మీకే తెలిసిపోతుంది. నాది మొదటి వారంలోనే అడుగంటింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను హిందూపురంలో ఒక చిన్న కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పేదాన్ని. డిగ్రీ పిల్లల మధ్య ఒకరోజు యాభై దాటిన పెద్దమనిషి ఒకాయన వచ్చి కూర్చున్నాడు. పట్టుచీరల డిజైనర్. ఊహ తెలిసినప్పటి నుంచి గ్రాఫ్ కాగితం మీద గళ్లు నింపుతూ అంచులూ కొంగులూ గీస్తున్న మనిషి. ఆయన గీసిన గ్రాఫ్ చూసి అట్టలకు రంధ్రాలు కొడతారు. ఆ అట్టలు మగ్గం ఎక్కితే డిజైన్ చీరలోకి దిగుతుంది. పెనుకొండలో, ధర్మవరంలో ఆయన డిజైన్లు నేసే మగ్గాలు చాలా ఉండేవి. అయితే రెండేళ్లుగా కుడిచెయ్యి వణుకుతోంది, సిరా గడి దాటి పోతోంది. ఒక్క గడి తప్పినా చీర పొడవునా తప్పే.

"చెయ్యి వణికినా గీత చెదరదంట కదా పాపా దీంట్లో," అన్నాడు, మానిటర్‌ను దూరం నుంచే చూపిస్తూ. "ఈ పని పోతే నాకు ఇంకో పని రాదు."

ఆ రెండో మాటకే నేను మెత్తబడ్డాను. వణికే చెయ్యి ఎక్కడ నొక్కినా చుక్క సరిగ్గా గడిలోనే పడేట్టు, గీసిన బొమ్మను చదివి ఏ వరుసలో ఎక్కడ రంధ్రం కొట్టాలో చెప్పేట్టు ఒక లైబ్రరీ రాశాను. లైబ్రరీ అంటే తనంతట తాను నడవని ఫైలు. వేరే ప్రోగ్రాం పిలిచినప్పుడు పలికి, పని చేసిపెడుతుంది. దాన్ని పిలిచే ప్రోగ్రాం, అంటే తెరలూ బటన్లూ అన్నీ, ఆయన చేతే చేయించాను. ఎనిమిది నెలలు పట్టింది. "నాతో కాదు పాపా" అని ఆయన ఎన్నిసార్లు లేచాడో, "కూర్చో అన్నా" అని నేను ఎన్నిసార్లు కసిరానో లెక్కలేదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆయన మాత్రం రోజూ గుమ్మం బయట చెప్పులు విడిచి, నాకు దణ్ణం పెట్టి గానీ కూర్చునేవాడు కాదు. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. వద్దంటే, "పని నేర్పినోళ్లు చిన్నోళ్లయినా గురువే" అనేవాడు.

ప్రోగ్రాం పూర్తయ్యాక మూడు ఫ్లాపీల్లోకి ఎక్కించి ఇచ్చాను. మొదటి రెండింటిలో ఆయన చేసింది, మూడోదాంట్లో నా లైబ్రరీ. ముందుగా పెనుకొండలో ఒక మగ్గాల ఆసామి కంప్యూటర్‌లో పెట్టి వచ్చాడు. బ్రహ్మాండంగా నడిచిందని చెప్పాడు. మర్నాడే ఆసామి ఫోను: ఫైలు కనబడలేదంటూ తెర మీద ఏదో వస్తోందట. ఈయన రైలెక్కి పోయాడు, నడిచింది. తిరిగొచ్చాడు, ఆగిపోయింది. మూడుసార్లు ఇదే తంతు. మూడోసారికి ఆ ఆసామి ఇక మీ ప్రోగ్రాం వద్దనేశాడు.

నాకు పిచ్చెక్కింది. "నువ్వుంటే నడుస్తాది, నువ్వు తిరిగొస్తే ఆగిపోతాది. ఏమన్నా, నీ మీద బెంగపెట్టుకుంటాందా అది?" అని పిల్లలందరి ముందూ అడిగాను. ఆయన తల వంచుకున్నాడు. "లైబ్రరీ లేకపోతే ప్రోగ్రాం నడవదు. మూడు ఫ్లాపీలూ ఎక్కించల్ల. రాసుకో!" అన్నాను. నోట్‌బుక్కు తీసి, వంకరటింకర అక్షరాలతో రాసుకున్నాడు. రాసి, "అది కాదు పాపా, ఆ మూడోది..." అని ఏదో అడగబోయాడు. "ముందు రాసింది చదువుకో," అని పక్క కంప్యూటర్ దగ్గరికి వెళ్లిపోయాను.

ఇక మిగిలింది ధర్మవరం. ఆయన గ్రాఫులు ఎక్కువగా కొనే షావుకారు ఒకాయన, చెయ్యి వణుకుతున్న సంగతి తెలిసి, డిజైన్లన్నీ బెంగుళూరు వాళ్లకు అప్పగించే ఏర్పాటులో ఉన్నాడు. బతిమాలగా బతిమాలగా ఒక్క పూట ఇచ్చాడు. మధ్యాహ్నం భోజనానికి లేచేలోపల నడిపి చూపిస్తే పని ఈయనకే ఉంటుంది. చూపించలేకపోతే అంతే. ఈసారి నా చేత్తో నేనే ఎక్కిస్తానని వెంట బయలుదేరాను. పొద్దుటి ప్యాసింజర్‌లో ఫ్లాపీల డబ్బా ఆయన ఒళ్లోనే ఉంది.

షావుకారు గది నిండా మనుషులు. కంప్యూటర్‌లో చీర పుట్టడం చూద్దామని చుట్టుపక్కల డిజైన్ అంగళ్ల వాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు. మొదటి ఫ్లాపీ ఎక్కింది. రెండోది ఎక్కింది. మూడోది పెడితే ఖాళీ. తీసి తుడిచి మళ్లీ పెట్టాను. ఖాళీ.

ఆయన నా చెవి దగ్గరికి వంగి, "వీళ్లనంతా ఒక్క ఐదు నిమిషాలు బైటికి పొమ్మను పాపా," అన్నాడు.

"ఎందుకు? ఇదేమన్నా మంత్రమా?"

"నా మాట విను పాపా. ఒక్క ఐదు నిమిషాలు."

"నోరు మూసుకోని ఉండన్నా కొంచెంసేపు!" అన్నాను. అందరూ విన్నారు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యమేస్తుంది.

ఆయన గోడ వారకు పోయి నిలబడ్డాడు. నేను అక్కడి ఫోన్‌లోంచి హిందూపురం సెంటర్‌కు చేశాను, ఎవరైనా ఆ ఫైలును ఈమెయిల్లో పంపితే ఇక్కడి నెట్ సెంటర్‌లో దించుకోవచ్చని. కరెంటు లేదన్నారు. మళ్లీ చేశాను. రాలేదన్నారు. ఎన్నిసార్లు చేశానో గుర్తులేదు. మధ్యమధ్య గోడ వైపు చూస్తే ఆయన కుడిచెయ్యిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని, అట్లాగే నిలబడి ఉన్నాడు. షావుకారు గడియారం చూసి లేచాడు.

"సార్, ఒక్క గంట. దేవుడి మీద ఒట్టు, నడుస్తుంది," అన్నాను.

"నీ తప్పేం లేదులేమ్మా. ఆయనకు వయసైపోయింది, పాపం," అని చెయ్యి కడుక్కోవడానికి వెళ్లిపోయాడు.

స్టేషన్‌లో బెంచీ మీద కూలబడ్డాం. ఆయన అంగీ లోపలి జేబులోంచి చేతిరుమాలు మూట తీసి నా చేతిలో పెట్టాడు. విప్పితే ఫ్లాపీ. లేబుల్ మీద నా అక్షరాలే, మూడు అంకె.

"నీది నీకిస్తాండా పాపా. భద్రంగా ఉండాది."

"మరి డబ్బాలో ఉండేది?" అన్నాను.

"అది ఖాళీది, నేనే పెట్టినా. మా పనిలో అట్టలు ఎవురికైనా ఇస్తాం. గ్రాఫ్ మాత్రం చేతులు దాటనీం. అది పోతే ఇంక మనకేముంటాది? మా గురువు గీసిన గ్రాఫులు ఇప్పటికీ నా పెట్టెలోనే ఉండాయి, ఒకరికి చూపించలేదు. పెనుకొండలో గూడా ఎవురూ లేనప్పుడు నీది ఎక్కించి, చూపించినాక తుడిపేసే వచ్చినా. ఈడ అంతమంది, అందులో డిజైన్ అంగళ్లోళ్లు. నీ సొత్తు వాళ్ల ముందర ఎట్ల తీసేది?"

ఆ ఫైలు గ్రాఫ్ కాదు. అట్ట. ఎవరికిచ్చినా పని చేసిపెడుతుందే తప్ప, నేనెట్లా రాశానో దాంట్లోంచి చదువుకోలేరు. గ్రాఫ్ లాంటిది, నేను రాసిన అసలు కోడ్, హిందూపురంలో నా బల్ల సొరుగులోనే ఉంది. ఈ ఒక్క ముక్క నేను ఎనిమిది నెలల్లో ఆయనకు చెప్పలేదు. అడగబోయిన రోజున, రాసింది చదువుకోమన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశాడు. "ఏం పాపా, తప్పు చేసినానా?"

"లేదన్నా," అన్నాను. "మంచిపని చేసినావు. అది పోయింటే నాకేం మిగిలేది కాదు."

"అది చాలు," అన్నాడు, వణుకుతున్న చెయ్యిని జేబులో పెట్టుకుంటూ. "రైలొస్తాంది, లేయి పాపా."