బాయిలర్ గది పలక

షాద్‌నగర్ అవతల నూలుకు రంగులద్దే ఫ్యాక్టరీలో నూరుద్దీన్ పదేళ్లు బాయిలర్‌కు ఊక వేశాడు. పన్నెండో ఏట జ్వరం వచ్చి చెవులు పోయాయి, మాట మిగిలింది. "అల్లా సగమే అడిగిండు, మొత్తం ఇయ్యమంటే ఏం జేద్దును" అనేవాడు.

ఆవిరి పెంచాలన్నా తగ్గించాలన్నా రంగుల సెక్షన్ వాళ్లు నడిచొచ్చి, అతని తలుపుకు వేలాడే పలక మీద రాయాలి. బాయిలర్ మోతలో చెవులున్నవాళ్లకూ మాట వినబడదు కనుక అందరికీ అదే పద్ధతి. "రెండో తొట్టికి ఆవిరి పెంచు" అన్నదాని కింద ఇంకెవరో "భాయ్, నీ టిఫిన్ వాసనకు మా పని సాగుతలేదు" అని రాసేవారు. అతను చదివి నవ్వి, సగం వాళ్లకు పెట్టేవాడు.

తొంభై రెండులో గదిగదికీ ఫోన్లు వచ్చాయి. చెవికి ఆనించుకుంటే మోతలోనూ వినబడేవి. అందరికీ నడక తప్పింది. బాయిలర్ గదిలోనూ ఒకటి బిగించారు. మోగితే వెలిగేలా లైటు పెట్టిస్తానన్న మేనేజరు రఘుపతి ఆ మాటే మరిచాడు. మళ్లీ అడగడానికి నూరుద్దీన్‌కు మొహమాటం.

అయినా ఏడాదిపాటు అతని పని చెడలేదు. రంగుల సెక్షన్‌లో పనిచేసే యోహాను వచ్చి ఆవిరి సంగతి చెప్పిపోయేవాడు.

"ఫోనుండంగ గీ తిరుగుడేంది యోహానూ?"

"బీడీ కోసం వస్తున్న. నీ కోసమనుకున్నవా?" అనేవాడు యోహాను, పెదవులు కనబడేలా మెల్లగా. నూరుద్దీన్ నమ్మాడు.

బక్రీదు మర్నాడు కూర గిన్నె పట్టుకుని నూరుద్దీన్ రంగుల సెక్షన్‌కు వెళ్లాడు. యోహాను వాచిన మోకాలు చాపుకుని కూర్చున్నాడు. ఇతణ్ణి చూడగానే చేతిలోని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఏమైందని నూరుద్దీన్ అడిగితే, పక్కన పనిచేసే అమృతమ్మ రంగులో వేలు ముంచి గచ్చు మీద రాసింది: "నీకు చెప్పాల్సినయన్నీ ఈయనే మోస్తున్నడు. దినాం ఇరవైసార్లు. ఇంకోసారి సెక్షన్ వదిలితే పని తీసేస్తమని ఆ కాగితంల రాసిన్రు."

ఆ పూటే నూరుద్దీన్ అర్జీ ఇచ్చాడు. తన ఇష్టంతోనే బాయిలర్ వదులుకుంటున్నానని, గోదాములో నూలు కట్టలు కట్టే పని ఇప్పించమని రాశాడు.

యోహాను కుంటుకుంటూ వచ్చాడు. "ఎవర్నడిగి రాసినవ్?"

"నీ మోకాలినడిగిన. అది నీ తీరుగ అబద్ధమాడదు."

గోదాము ఫ్యాక్టరీ వెనక గోడ దగ్గర ఉండేది. అక్కడికి పని మీద ఎవరూ రానక్కర్లేదు. మొదట్లో యోహాను మధ్యాహ్నాలు వచ్చి కలిసి తినేవాడు, తర్వాత షిఫ్టు మారింది.

మరుసటి ఎండాకాలం యోహాను తండ్రి చనిపోయాడు. నూరుద్దీన్‌కు నాలుగో నాడు గాని తెలియలేదు. తెలిసిన పూటే పోయి ఆ ఇంటి ముందు నిలబడ్డాడు.

"నాకు జెప్పకపోతివి" అన్నాడు.

యోహాను తల దించుకున్నాడు, మళ్లీ పెదవులు కనబడేలా ముఖమెత్తాడు. "అందరికి ఫోన్ల తెలిసింది భాయ్. నీకు ఎవరో ఒకరు జెప్పిన్రనుకున్న."

ఆ మాట రెండోసారి చెప్పనివ్వకుండా నూరుద్దీన్ అతని చెయ్యి పట్టుకుని, అరుగు మీద పక్కన కూర్చున్నాడు.