చీటీలో రాయాల్సిన పేరు

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలోని మా తెలుగు చర్చిలో పదిహేనేళ్లు పాటలు పాడించాను. ఈసారి నన్ను సంఘపెద్దగా ఎన్నుకుంటారని గట్టిగా ఆశపడ్డాను. ఆదివారం ఆరాధన కాగానే పేర్లు చదివారు. నా పేరు లేదు. నాతోపాటు రైలింజన్ల షెడ్‌లో పనిచేసే నా తోడల్లుడి పేరుంది.

"ఏటన్నయ్యా, అంతాశ పెట్టేసుకున్నావేటి?" అని అతను నవ్వాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. కాలర్ పట్టుకుని చెంప పగలగొట్టాను. అతను నా మూతి మీద గుద్దాడు. నోరంతా నెత్తురైంది. ఇనుప కుర్చీ ఎత్తి విసిరాను. అతను తప్పుకున్నాడు. వెనక చాపలు చుడుతున్న ముసలామె నుదురు చీలిపోయింది.

నేనే ఆమెను ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాను. చీటీ రాసే అతను "నామ్ క్యా హై?" అని ఆమె పేరడిగితే నేను ఆమె వైపు తిరిగాను. పదిహేనేళ్లుగా మా చర్చి ఊడ్చి చాపలు పరిచే మనిషి పేరు నాకు తెలియదు.

కొంగుతో నెత్తురు అదుముకుంటూ "దానమ్మ" అని ఆమే చెప్పింది.

"క్షమించమ్మా. నా సేవ ఎవరూ గుర్తించలేదన్న కోపంలో..."

"దేవుడికి తెల్దేటి బాబూ? మనుసులు సెప్పాలేటి?" అంది. వెంటనే, "గుడిలో నెత్తురలాగే ఉండిపోనాది. ఎండిపోతే వదల్దు. బేగెల్లి తుడవాల" అంటూ లేవబోయింది.

కుట్లు వేయించి ఆమెను ఇంటి దగ్గర దింపాను. తిరిగి చర్చికొచ్చి, మోకాళ్ల మీద వంగి ఆ నెత్తురు కడిగాను. అక్కడ ఎన్నోసార్లు మోకరించాను గాని, ఆ నేల ఎంత శుభ్రంగా ఉండేదో ఆ రోజే చూశాను.