మా సువార్తత్త ఏ కారునీ పొడిగా తుడవలేదు

నిన్న ఉదయం ప్రార్థనలో ఉండగా ఫోన్ మోగింది. "సువార్తత్త పోయింది" అన్నాడు తమ్ముడు.

ఆదివారం చర్చిలో నా పక్కనే కూర్చుంది. పాటల పుస్తకంలో పేజీ నేనే తీసిచ్చాను.

ఆ మాట నమ్మడానికి చాలాసేపు పట్టింది.

అత్త మా నాన్న చెల్లెలు. నిన్న ఇంటికి వచ్చినవాళ్లలో ఒకరన్నారు, "పాపం, కార్లు తుడుచుకుని బతికింది" అని.

నేను గట్టిగా మాట్లాడే మనిషిని కాదు. ఆ మాటకు అక్కడ బదులివ్వలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

పాపం కాదండి. తుడుచుకునీ కాదు.

ఎనభైల చివర్లో అత్త చీమకుర్తిలో గ్రానైట్ రాళ్లకు పాలిష్ పట్టే షెడ్డులో పనిచేసేది. మావయ్య నడుం పడిపోయి మంచంలో ఉన్నాడు. ఆ ఇల్లు అత్త కూలి మీదే నడిచేది. నేను హైస్కూల్లో ఉన్నాను. వేసవి సెలవులకు అత్త దగ్గరికి వెళ్లాను.

షెడ్డు ఓనరు గారు కొత్తగా నల్ల అంబాసిడర్ కొన్నారు. తన రాయి ఎంత నలుపో కారూ అంత నలుపు ఉండాలని ఆయన ముచ్చట. డ్రైవర్ కోటయ్య రోజూ పొద్దున్నే దాన్ని దూదితో తుడిచేవాడు. ఆయనది పత్తి పండే ఊరు. దూది కంటే మెత్తనిది లోకంలో లేదని ఆయన నమ్మకం.

రెండు నెలలు తిరగకముందే, ఒకరోజు ఏటవాలు ఎండలో బానెట్ నిండా గీతలు కనిపించాయి. సాలెగూడులా, గుండ్రంగా.

ఓనరు గారు కేకలు వేశారు.

కోటయ్య అత్త వైపు వేలు చూపించాడు. "ఈ సువార్త రోజూ దాని మీద చెయ్యేసి నిలబడుద్ది సార్. ఆ చేతులు చూడండి, రంపాలు!"

షెడ్డులో అందరూ నవ్వారు.

"రేపటినుంచి పనిలోకి రావద్దు" అన్నారు ఓనరు గారు.

ఆరోజు అత్త వెంట వచ్చిన నేను షెడ్డు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. ప్రభువా, అత్త ఆయన కాళ్లు పట్టుకునేలా చెయ్యి, పని పోకుండా చూడు అని ప్రార్థించాను. ఆ ప్రార్థన ప్రభువు వినలేదు. ఇప్పటికీ అందుకు స్తోత్రం చెల్లిస్తాను.

అత్త నేరుగా వెళ్లి తన అన్నం క్యారేజీ తెచ్చింది. ఈస్టర్‌కి కొన్న కొత్త స్టీలుది. మూత అద్దంలా మెరిసేది. కారు అద్దం కింద పేరుకున్న దుమ్ము చిటికెడు తీసి మూత మీద చల్లింది.

"రుద్దు కోటయ్యా. నీ దూదితోనే. రోజూ ఎట్టా తుడుస్తావో అట్టానే."

"ఏందే నీ వేషాలు?" అంటూనే ఆయన నవ్వుతూ రుద్దాడు. "చూడు, ఎంత శుభ్రంగా పోయిందో!"

అత్త మూత ఎండకు ఎత్తి పట్టింది.

గుండ్రటి గీతలు. బానెట్ మీద ఉన్నవే.

"దూది మెత్తనే. అది పట్టుకున్న దుమ్ము మెత్తనా? ఇది రాతి దుమ్ము సార్. రాతిపొడితోనే గదా మనం ఇక్కడ రాళ్లు అరగదీసేది? ఆ పనే ఈయన మీ కారుకి చేస్తన్నాడు."

ఎవరూ నవ్వలేదు.

"మరి ఎట్టా తుడవాలి?" అన్నారు ఓనరు గారు, కాస్త తగ్గి.

"చెప్తాను. ముందు నా చేతుల్ని అన్న మాట ఆయన్ని వెనక్కి తీసుకోమనండి."

"పనిలోనే ఉండులే. ఇంక వదిలెయ్."

"వదలను సార్. అందరి ముందూ అన్నాడు. అందరి ముందూ తీసుకోవాలి."

మిషన్లు ఆగిపోయి ఉన్నాయి. అత్త మూత ఎత్తి పట్టుకునే ఉంది.

చివరికి కోటయ్యే తల దించుకుని అన్నాడు, "తప్పు నాదే సువార్తమ్మా."

అప్పుడు కడిగింది. కారుని నీడలోకి పెట్టించింది. పైకప్పు మీదినుంచి బకెట్లకు బకెట్లు నీళ్లు ధారగా పోసింది. దుమ్మంతా జారిపోయేదాకా చెయ్యి పెట్టలేదు, ఎవరినీ పెట్టనివ్వలేదు. తర్వాత సబ్బునీళ్లలో ముంచిన పాత నూలు పంచెతో, బరువు వెయ్యకుండా, పైనుంచి కిందికి. గుడ్డ జాడించడానికి వేరే బకెట్. బురద పట్టే చక్రాల వైపు అన్నిటికంటే ఆఖరున. మళ్లీ నీళ్లు పోసి, పొడిగుడ్డ పరిచి తడి అద్దింది. రుద్దలేదు.

పడ్డ గీతలు పోలేదు. కొత్తవి మాత్రం పడలేదు.

ఆ తర్వాత గుంటూరు వచ్చేసి, బ్రాడీపేటలో డాక్టర్ల కార్లు ఇరవై ఏళ్లకు పైగా కడిగింది. ఎంత పెద్ద డాక్టరైనా సరే, పొడిగుడ్డ తీస్తే "ఆగండయ్యా, నీళ్లకేమన్నా కరువొచ్చిందా?" అనేది. మా ఇంటి కారు డోరు మీద నేను కొంగుతో దుమ్ము దులపబోతే నా చేతి మీద ఒక్కటేసింది. అప్పటికి నాకు నలభై ఏళ్లు.

నిన్న సాయంత్రం అత్తను పెట్టెలో పడుకోబెడుతుంటే ఎవరో తెల్ల గ్లౌజులు తెచ్చారు. మాలో అది ఆనవాయితీ. "చేతులు మరీ గరుగ్గా ఉన్నాయి, తొడిగితే నీటుగా ఉంటది" అన్నారు.

"వద్దండి" అన్నాను.

నా మాట ఎవరికీ వినపడలేదు. మళ్లీ అన్నాను, ఈసారి గట్టిగా. పాస్టరు గారు కూడా తిరిగి చూశారు.

గ్లౌజులు తొడగలేదు.

ఈరోజు మధ్యాహ్నం మూడు గంటలకు సమాధి. వచ్చేవాళ్లు ముఖం ఒక్కటే చూసి వెళ్లకండి. ఆ చేతులు కూడా చూడండి.

ఇంక పని చాలు అత్తా. ప్రభువు ఒడిలో హాయిగా నిద్రపో.