తోక ముందరి పట్టీ

మా బావ గురించి ఎవరైనా అడిగితే నాకు ముందు కోపం వస్తుంది, ఆ తర్వాతే మాట వస్తుంది. బావ అంటే మా అక్క భర్త. ఒక డెంటల్ ల్యాబులో కట్టుడు పళ్లు తయారు చేస్తాడు. ఊళ్లో సగం మంది నోళ్లలో ఆయన చేతిపని ఉంది గానీ, ఆయన నోట్లో మాత్రం నాలుక లేదు. నేను బస్సు కండక్టర్ని, రోజంతా అరిచి బతికేవాణ్ణి. ఆయన మాట్లాడాల్సిన చోటల్లా నేనే మాట్లాడి పాతికేళ్లు గడిపేశాను.

ల్యాబు నుంచి రాగానే ఆయనకు ఇంకో పని ఉండేది. పాత యుద్ధ విమానాల నమూనాలు కట్టడం. పిల్లల బొమ్మలనుకునేరు, కాదు. ప్రతి కొలతా అసలు విమానంలో నలభై ఎనిమిదో వంతు. రెక్కల మీది రివెట్లు సూది మొనతో ఒక్కొక్కటే గుచ్చుతాడు. పైలట్ సీటు బెల్టు మాత్రల రేకు కత్తిరించి చేస్తాడు. ఇంజను లోపలి వైర్లు కూడా రాగి తీగతో అమర్చి, పైన మూత అంటించేస్తాడు.

"మూత వేసేశాక కనపడవు కదా బావా, ఎందుకీ చాకిరీ?" అని ఒకసారి అడిగాను.

"ఉన్నాయని నాకు తెలుసు కదరా" అన్నాడు. అంతకు మించి వాదించడం ఆయనకు రాదు.

భోజనాల బల్ల మొత్తం ఆ సామానుదే. మా అక్క పెళ్లయిన కొత్తలోనే కంచం ఒళ్లో పెట్టుకుని తినడం నేర్చుకుంది. "నేను జ్వరంతో పడుకున్నా మీ బావకి తెలీదురా, చక్రం వెంట్రుకవాసి వంకరుంటే మాత్రం తెలిసిపోతుంది" అనేది. నవ్వుతూనే అనేది గానీ ఊరికే అనేది కాదు.

యుద్ధకాలంలో మా ఊరి రన్‌వే మీంచి లేచి, పక్కనున్న సరస్సులో కూలిపోయిన ఫైటర్ ఒకటుంది. దాన్ని బురదలోంచి బయటికి లాగి, మా ఊళ్లో కొత్తగా పెడుతున్న మ్యూజియం వాళ్లు బాగుచేయడం మొదలుపెట్టారు. ఇన్నేళ్లూ నీళ్లలో నాని రంగు పొరంతా ఊడిపోయింది. అది ఏ రంగులో ఉండేదో చెప్పగలిగేది ఒకే ఒక్క పాత ఫోటో. ఆ ఫోటో ముందు పెట్టుకుని ఆ విమానం నమూనా బావ ఎప్పుడో కట్టేసి ఉన్నాడు. సంగతి తెలిసి మ్యూజియం అధికారి ఇంటికి వెతుక్కుంటూ వచ్చాడు.

ఇప్పుడు అసలు విషయం చెప్తాను. ఫోటోలో తోకకు కాస్త ముందు, విమానం ఒంటి చుట్టూ ఒక ముదురు పట్టీ ఉంది. ఫోటో నలుపు తెలుపుది. ఆ రోజుల్లో కొన్ని రకాల ఫిలిం మీద పసుపు, ఎరుపు కూడా నల్లగానే పడేవట. ఇది బావకు బాగా తెలుసు. అందుకే ఆ పట్టీ దగ్గర తల ప్రాణం తోకకొచ్చి, ఎటూ తేల్చుకోలేక, చివరికి నలుపు వేసేశాడు. బల్ల దగ్గర కూర్చున్నన్నేళ్లలో ఆయన ఊహించి వేసిన రంగు అదొక్కటే.

అధికారి నమూనాను చేతిలో తిప్పి తిప్పి చూశాడు. "ఇవన్నీ ఖాయమేనా సార్?" అన్నాడు.

బావ తలూపాడు. ఆ పట్టీ ఒక్కటి ఊహేనండీ అని ఒక్క ముక్క అంటే అయిపోయేది. అనలేదు. తర్వాత నేను నిలదీస్తే, "నా పనిని అంత శ్రద్ధగా చూసినవాడు అతనొక్కడేరా, ఆ క్షణంలో నోరు రాలేదు" అన్నాడు. తిట్టడానికి వెళ్లిన నేను మా అక్క మొహం చూసి ఊరుకున్నాను.

మ్యూజియం తెరిచారు. బావ నమూనా చూసి అసలు విమానానికి రంగు వేశారు, తోక ముందు నల్ల పట్టీతో సహా. పేపర్లో పెద్ద ఫోటో వచ్చింది. గేటు దగ్గర కొట్లో ఆ విమానం బొమ్మల పెట్టెలు పెట్టారు, లోపల అంటించుకోవడానికి నల్ల పట్టీ స్టిక్కరు. బావ పేరు ఎక్కడా లేదు. ఆయన దానికి బాధపడలేదు, ఆ బాధంతా నేనే పడ్డాను.

ఇది జరిగిన కొన్నాళ్లకు ల్యాబుకి తొంభై దాటిన పెద్దాయన ఒకడు వచ్చాడు. కొత్త పళ్ల సెట్టు చిగురు మీద నొక్కుతోందని ఫిర్యాదు. బావ దాన్ని అరగదీస్తుంటే పెద్దాయన కబుర్లలో పడ్డాడు. యుద్ధంలో మెకానిక్కుగా చేశాడట. ఆ విమానాన్ని చూసుకున్నది ఆయనేనట.

"పేపర్లో చూశాను బాబూ. నా విమానానికి నల్ల పట్టీ వేశారేంటి? అది పసుపు. వేరే రంగు దొరక్క, పెట్రోలు బండికి వేయగా మిగిలిన పసుపు నా చేత్తోనే వేశాను. అంచులు ఈ వేలితోనే దిద్దాను" అన్నాడట, చూపుడువేలు పైకెత్తి.

ఆ సాయంత్రం బావ నేరుగా మా ఇంటికొచ్చాడు. మంచినీళ్లు ఇస్తే గ్లాసు పట్టుకునే కూర్చున్నాడు, తాగలేదు.

"నా ఊహ పోయి అసలు విమానం మీద కూర్చుందిరా. ఇక ఎవడు కట్టినా దాన్ని చూసే కడతాడు. కళ్లారా చూసిన మనిషి ఉండగానే దాన్ని దింపించాలి" అన్నాడు. ఆయన ఒక్క ఊపిరిలో అన్ని మాటలు మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

మర్నాడే మ్యూజియానికి వెళ్లాం. అధికారి కుర్చీలు వేయించి, టీ తెప్పించాడు. బావ నీళ్లు నములుతూ ఎలాగో చెప్పాడు.

"ఖాయమని మీరే అన్నారు కదా సార్" అన్నాడు అధికారి.

"తప్పు నాదేనండి. ఊహ అని అప్పుడే చెప్పాల్సింది."

"సరే. ఇవాళ ఒక పెద్దాయన పసుపంటాడు, రేపు ఇంకో పెద్దాయన ఎరుపంటాడు. ఎన్నిసార్లు వేయమంటారు రంగు? గట్టి రుజువు తీసుకురండి, చూద్దాం. ఇంతకీ ఆ పెద్దాయన ఎక్కడుంటాడు?"

బావ ఇంటి గుర్తులన్నీ పూసగుచ్చినట్టు చెప్పాడు. పక్కన కూర్చుని నేను టీ తాగాను.

బయటికి రాగానే నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను, ఇప్పుడే వెళ్దాం, పెద్దాయన చెప్పేదంతా ఫోన్లో రికార్డు చేసి ఆ అధికారి మొహాన పెడదాం అని. విన్నాడా? వినలేదు. ఉత్త మాట రుజువు కాదట. తప్పులేని నమూనా ఒకటి కట్టి పెద్దాయన చేతిలో పెడతాడట. ఆయన చూసి, ఇదే అంటే, అప్పుడు ముగ్గురం కలిసి వెళ్లాలట. ఈ భూమ్మీద ఇంకెవడికైనా ఇలాంటి బుద్ధి పుడుతుందా? ఒక ముసలి ప్రాణం మీద అంతా ఆధారపడి ఉంటే, ఈయన రివెట్లు గుచ్చుకుంటూ కూర్చున్నాడు.

ఆ పసుపు ఏ పసుపో తేల్చడానికి పాత పెట్రోలు బండ్ల కోసం పాత ఇనుము కొట్లన్నీ చెప్పులరిగేలా తిరిగాడు. ఏడు రకాలు కలిపి ఏడూ పారబోశాడు. మనిషి వేలితో దిద్దిన అంచు నలభై ఎనిమిదో వంతులో ఎంత మందం ఉంటుందో లెక్కగట్టాడు. మా అక్క ఒకరోజు ఉండబట్టలేక, "ఆయన పోయాక చూపిస్తారా ఏంటండీ?" అంది. "ఇంకొంచెమే" అన్నాడు. చలికాలం వెళ్లింది, ఎండలు వచ్చాయి, వానలు కూడా మొదలయ్యాయి.

చివరికి ఒక ఆదివారం, పెట్టె ఒళ్లో పెట్టుకుని, నా బస్సులో కాకుండా ఖాళీగా ఉండే బస్సు ఎక్కి బయల్దేరాడు. నేనూ వెళ్లాను. పెద్దాయన కూతురు తలుపు తీసింది. ముందు గదిలో గోడ మీద కొత్త ఫోటో కనపడింది. నల్ల పట్టీ మీద చెయ్యి వేసి పెద్దాయన నిలబడ్డాడు, పక్కన ఆ అధికారి.

"మ్యూజియం వాళ్లు కారు పంపించి తీసుకెళ్తుంటారండి. పిల్లలు చుట్టూ చేరి ప్రశ్నలడుగుతారు. ఈ మధ్య నాన్నకి ప్రాణం లేచొచ్చింది" అంది ఆమె సంతోషంగా.

బావ పెట్టె తెరిచి నమూనాను ఆయన చేతిలో పెట్టాడు. పెద్దాయన కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూశాడు. రెక్కలు తడిమాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఎంత బాగా కట్టావు నాయనా" అన్నాడు. తర్వాత వేలు తోక దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

"అంతా సరిగ్గా చేసి ఇక్కడ తప్పేశావేంటి? ఇది నలుపు కదా."

నేనే అందుకున్నాను. "తాతగారూ, పసుపని మీరే కదండీ చెప్పారు? పెట్రోలు బండి రంగని?"

"నేనా? నేనెందుకంటాను బాబూ? టైర్లకి పూసే నల్లరంగు మిగిలితే నా చేత్తోనే వేశాను. అంచులు ఈ వేలితోనే దిద్దాను."

రోజూ టిక్కెట్టు లేకుండా బుకాయించే మొహాలు చూసేవాణ్ణి నేను. అబద్ధం చెప్పే మొహం నాకు తెలుసు. అది కాదు. ఆయనకు ఆ నల్లరంగు డబ్బా కళ్లముందు కనపడుతోంది.

ఇంకా ఏదో అనబోయాను. బావ నా మణికట్టు పట్టుకుని ఆపాడు.

"అసలుది మ్యూజియంలో ఉంది నాయనా. ఒకసారి వెళ్లి చూసి దిద్దుకో" అన్నాడు పెద్దాయన, ఎంతో ప్రేమగా.

"అలాగేనండి తాతగారూ" అన్నాడు బావ.

బస్టాపులో నాకు ఒళ్లు మండిపోతోంది. అధికారిని తిట్టాను, పెద్దాయన్ని తిట్టాను, ఏడు రకాల పసుపునీ తిట్టాను. "ఆయన మర్చిపోయాడు బావా, వయసు మీద పడింది, అంతే" అన్నాను చివరికి, ఓదార్పుగా.

"మర్చిపోలేదురా" అన్నాడు బావ. "గుర్తుంది. నేను వేసిందే ఆయనకి గుర్తుంది."