కుట్టు దారం కోసం పెనుకొండ నుంచి హిందూపురానికి

నేను ధర్మవరం నుంచి పెనుకొండ వచ్చింది నా కూతురు సరస్వతి ఆపరేషన్ కోసం. కడుపులో గడ్డ. మధ్యాహ్నం రెండు గంటలకని డాక్టరమ్మ నిర్ణయించింది. పొద్దున ఆమే వచ్చి, లోపలి కుట్లకు దారం లేదనీ, యుద్ధం వల్ల మద్రాసు పార్సెలు రాలేదనీ, గడ్డ పగిలితే ప్రాణానికి ముప్పనీ చెప్పి, హిందూపురం ఆసుపత్రికి చీటీ రాసిచ్చింది. అల్లుణ్ణి కూతురి దగ్గర ఉంచి నేనే బయలుదేరాను. అతనికి ఎవర్నీ గట్టిగా అడగడం రాదు.

ఏడున్నర బండికి మూడో తరగతి టికెట్టు ఎనిమిదణాలు. గంటన్నర ప్రయాణం. స్టేషను నుంచి జట్కాకు రెండణాలు. సంగతి విని జట్కా అతను, "దారం మీరే తేవాల్నా అవ్వా? రేపు కత్తి గూడా తెమ్మంటారేమో" అన్నాడు.

ఆసుపత్రిలో కాంపౌండరు చీటీ చదివి "లేదవ్వా" అన్నాడు. అతని వెనక అద్దాల బీరువాలో, గాజు గొట్టాల్లో దారం వరసగా కనిపిస్తోంది. తాళం మీద లక్క సీలు.

"మరి అదేందప్పా?"

"అది తనిఖీకి పెట్టినాం. పెద్దదొర వచ్చినప్పుడు బీరువా నిండుగా కనపడాల. మేం గూడా ముట్టం."

"దొర ఎప్పుడొస్తాడు?"

"పోయినేడు వస్తానన్యాడు. ఖాళీ కనపడితే నా ఉద్యోగం పోతాదవ్వా."

"ఖాళీ చోట కాయితం పెట్టు. ఎవరికి, ఎందుకు, ఏ పొద్దు ఇచ్చినావో రాయి. కింద నేను సంతకం చేస్తా."

"నీకు సంతకం వస్తాదా?"

"నీ రాత కంటే బాగుంటాది. రాయి."

సీలు పగలగొట్టి మూడు గొట్టాలిచ్చాడు.

పదకొండున్నర బండిలో ఒంటిగంటకు పెనుకొండ చేరాను. జరిగింది విని డాక్టరమ్మ తన కాంపౌండరును పిలిచింది. "మన తనిఖీ బీరువాలో దారం ఉందా?"

"ఉండాదమ్మా. ఆరు గొట్టాలు."

"పొద్దున ఎందుకు చెప్పలేదు?"

"మీరు స్టోరులో ఉండాదా అని అడిగినారు. బీరువా మాట ఎత్తలేదు గదా."

రెండు గంటలకు ఆపరేషన్ పెనుకొండ ఆసుపత్రి దారంతోనే జరిగింది. నేను తెచ్చింది మర్నాడు అల్లుడు తిరిగి ఇచ్చి వచ్చాడు. సాయంత్రానికి సరస్వతి కళ్లు తెరిచి నీళ్లడిగింది.

ఆ ఇద్దరు కాంపౌండర్లూ దొంగలు కారు, సోమరులు కారు. అప్పగించిన వస్తువును జాగ్రత్తగా కాపాడారు. అది ఎవరి కోసమో మాత్రం వాళ్లకు ఎవరూ చెప్పలేదు. మీకూ ఇలాంటి ప్రయాణం తప్పనిసరైతే, బండెక్కే ముందు ఉన్న ఊళ్లోనే తాళం వేసిన బీరువాలన్నీ తీయించి చూడండి.